వార్మ్ గేర్ బిగుసుకుంటోందా, మోటార్ స్టెప్పులు మిస్సవుతోందా? ముందు చేత్తో తిప్పి చూడండి

చిన్న లేత్ మీద రోటరీ టేబుల్‌కి (పనిముక్కని గుండ్రంగా తిప్పే బల్ల) 60 పళ్ళ వార్మ్ వీల్, అంటే వార్మ్ అనే స్క్రూ తిప్పే పళ్ళ చక్రం, చేసుకుని స్టెప్పర్ మోటార్ (అడుగు అడుగుగా తిరిగే మోటార్) తగిలించాక ఏ తేడా వచ్చినా ముందు మోటార్ డ్రైవర్‌నే (మోటార్‌ని నడిపే సర్క్యూట్) అనుమానిస్తాం, నేనైతే రెండు వారాలు సెట్టింగులు మారుస్తూనే ఉన్నా. అలా కాకుండా మోటార్ విప్పేసి వార్మ్‌ని వేళ్ళతో తిప్పండి, సగం జబ్బు అక్కడే దొరుకుతుంది.

సమస్య: 60 రావాల్సిన పళ్ళు 61, 62 వస్తున్నాయి, లేదా పన్ను మీద పన్ను పడి నలిగిపోతోంది.

కారణం: వీల్ పళ్ళని మరలు కోసే ఎం10 ట్యాప్‌తోనే కోస్తాం. దాని పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 1.5 ఎంఎం, దాంతో 60 పళ్ళకి పిచ్ డయా (పళ్ళ లెక్క సరిపోయే వ్యాసం) 28.65 ఎంఎం వస్తుంది, కానీ పన్ను ఎత్తు కోసం బ్లాంక్‌ని (ఇంకా పళ్ళు కోయని చక్రం) 29.5 దాకా ఉంచుతాం. ట్యాప్ మొదట తగిలేది ఆ పై అంచుకే కదా, అక్కడ చుట్టుకొలత 92.7, దాన్ని 1.5తో భాగిస్తే 61.8! తప్పు ట్యాప్‌ది కాదు.

పరిష్కారం: బ్లాంక్ అంచు మీద ముందే 60 గాట్లు లెక్కపెట్టి పెట్టేయాలి, అర ఎంఎం లోతు చాలు, గాటు మాత్రం 3 డిగ్రీలు వాలుగా ఉండాలి. లేత్ బుల్ గేర్‌కి (స్పిండిల్ మీది పెద్ద గేర్) 60 పళ్ళుంటే దానికో పిన్ను పెట్టి ఒక్కో పన్ను చొప్పున సమానంగా ఇండెక్స్ చేసుకోవచ్చు. తర్వాత ట్యాప్‌ని చక్‌కీ సెంటర్‌కీ మధ్య పట్టి, ఫ్రీగా తిరిగే బ్లాంక్‌ని మెల్లగా దానికి ఆనించండి, గాట్లే దారి చూపిస్తాయి.

సమస్య: తిప్పుతుంటే మధ్యలో ఒక్కచోట బిగుసుకుంటోంది.

కారణం, పరిష్కారం: వార్మ్ ప్రతి చుట్టుకీ పట్టేస్తే వార్మ్ వంకర. 60 చుట్లకోసారి పట్టేస్తే వీల్ బోర్ (మధ్య రంధ్రం) సెంటర్ తప్పింది. బోరు, పై డయా రెండూ చక్ విప్పకుండా ఒకే పట్టులో తిప్పాలి, ఇక్కడ తప్పితే తర్వాత ఏ సర్దుబాటూ పనిచేయదు.

సమస్య: వేడెక్కుతోంది, నూనె నల్లబడుతోంది.

కారణం: మర వాలు ఇంత తక్కువున్న వార్మ్‌లో సగానికి పైగా పవర్ రాపిడికే పోతుంది, గోరువెచ్చగా ఉంటే భయం లేదు. చెయ్యి పెట్టలేనంత వేడి అంటే మెష్ (వార్మ్, వీల్ పళ్ళు ఒకదాంట్లో ఒకటి కూర్చోవడం) మరీ టైట్‌గా ఉంది, లేదా స్టీలు మీద స్టీలు నడుపుతున్నారు.

పరిష్కారం: వీల్ ఫాస్ఫర్ బ్రాంజ్‌తో చేయండి. వార్మ్‌ని పూర్తిగా ఆనించి, చేతికి కొంచెం ఆట తెలిసేదాకా వెనక్కి జరిపి బిగించండి. నూనె మాత్రం వార్మ్ గేర్లకని చెప్పి అమ్మేదే వాడండి, కొన్ని గేర్ ఆయిల్స్‌లో ఉండే గంధకం బ్రాంజ్‌ని తినేస్తుంది.

సమస్య: స్పీడ్ పెంచితే మోటార్ గుర్రుమని ఆగిపోతోంది.

చేత్తో ఫ్రీగా తిరిగితేనే ఇక మోటార్ వైపు చూడండి. స్టెప్పర్‌కి స్పీడ్ పెరిగేకొద్దీ టార్క్ పడిపోతుంది, యాక్సిలరేషన్ తగ్గించండి, డ్రైవర్ తట్టుకుంటుందంటే 24 వోల్టుల సప్లై తీసి 36 పెట్టండి. తక్కువ స్పీడ్‌లో కూడా ఆగిపోతుంటే మళ్ళీ మెష్ దగ్గరికే వెళ్ళాలి.