హెడ్మాస్టరు హద్దు దాటితే అర్జీ ఎలా పెట్టాలి: ఒక రిటైర్డ్ హెచ్‌ఎం మాట

30 ఏళ్లు సర్కారు బడిలో పనిచేశాను, అందులో చివరి 11 ఏళ్లు హెడ్మాస్టరుగా. కాబట్టి ఉన్నమాట చెబుతాను. గేటు దగ్గర కేకలు వేసే తండ్రంటే మాకు లెక్కలేదు. నాలుగు ముక్కలు కాగితం మీద రాసి తెచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయమని నెమ్మదిగా అడిగే తల్లంటే మాత్రం భయం.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. జూన్‌లో టీసీ కోసం వచ్చినవాళ్లను రేపు రండి, ఎల్లుండి రండి అని తిప్పేవాణ్ని. పిల్లల సంఖ్య తగ్గితే రేషనలైజేషన్‌లో, అంటే పిల్లల లెక్కను బట్టి టీచర్లను సర్దేటప్పుడు, ఒక టీచరు పోస్టు పోతుందని నా బాధ. అలా ఒక ఆరో తరగతి పిల్లను మూడు వారాలు తిప్పాను. పోస్టు నిలిచింది. ఆ పిల్ల మూడు వారాలూ ఏ బడికీ పోక, కొత్త బడిలో లెక్కలు అందక, టీచరు ఏది అడిగినా తల దించుకునేదట. వాళ్లమ్మ తర్వాతెప్పుడో సంతలో చెప్పింది.

ఆమెకు తెలియనిది, నేను చెప్పనిది ఒకటుంది. 2009 విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు టీసీ వెంటనే ఇవ్వాలి. ఆలస్యం చేస్తే హెచ్‌ఎం మీద చర్య ఉంటుంది. టీసీ ఇంకా రాలేదని కొత్త బడి చేర్చుకోకుండా ఉండటానికీ లేదు. అంటే ఆమె నా గది ముందు నిలబడాల్సిన పనే లేదు. ముందు పిల్లను చేర్చేయండి, టీసీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక కొట్టడం, అందరి ముందు జుట్టు కత్తిరించడం, ఎండలో నిలబెట్టడం. ఇవన్నీ అదే చట్టం 17వ సెక్షన్ కిందికి వస్తాయి: శారీరక శిక్షా కూడదు, మానసిక వేధింపూ కూడదు. పిల్లలు ఇది నోటితో చెప్పరు. సోమవారం పొద్దున కడుపునొప్పి అంటారు, ఆదివారం ఆడుకున్నప్పుడు లేని నొప్పి. పోలీసులా ఆరా తీయకండి, అన్నం తినేటప్పుడు మెల్లగా అడగండి. చెప్పింది ఆ రాత్రే రాసిపెట్టండి: ఏ రోజు, ఏ పీరియడ్, పక్కన ఎవరున్నారు. దెబ్బలుంటే ఫొటో తీసి, సర్కారు ఆసుపత్రిలో చూపించి చీటీ దాచండి. పిల్లకు ప్రమాదం అనిపిస్తే ఇవేవీ చూడక్కర్లేదు, 1098కి ఫోన్ చేయండి.

మర్నాడు ఒంటరిగా వెళ్లకండి. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం, వాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి ఒక్కటే అడగండి: "సార్, ఇది ఏ ఉత్తర్వు ప్రకారం చేశారో రాసిస్తారా?" మేం పెట్టే రూల్సులో సగం మా బుర్రలో పుట్టినవే. కేరళలో 1985లో ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడ్డారు గానీ, మతవిశ్వాసం వల్ల పాడలేదు. పై అధికారి చెప్పాడని హెడ్మిస్ట్రెస్ వాళ్లను బడి నుంచి తీసేసింది. సుప్రీంకోర్టు 1986లో, బిజో ఇమాన్యుయేల్ కేసులో, శాఖ సర్క్యులర్లకు చట్టం బలం లేదని తేల్చి పిల్లలను తిరిగి చేర్చుకోమంది. సర్క్యులర్ ఉందంటే కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

రాసివ్వకపోతే అర్జీ ఎంఈఓకు, అంటే మండల విద్యాధికారికి. ఒక్క పేజీ చాలు. జరిగింది, తేదీ, సెక్షన్ నంబరు, మీకేం కావాలో ఒక వాక్యం. తిట్లు రాస్తే మేం తిట్లకే జవాబిచ్చి తప్పించుకుంటాం. విద్యా హక్కు చట్టం 32వ సెక్షన్ కింద ఇచ్చే ఫిర్యాదును స్థానిక అధికార సంస్థ (పంచాయతీ, మున్సిపాలిటీ లాంటిది) మూడు నెలల్లో తేల్చాలి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలుంది. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల్లోనూ ఒక కాపీ పడేయండి, ఫైలు కాస్త త్వరగా కదులుతుంది.

అర్జీని మాత్రం పిల్ల చేత పంపకండి. నాకు అలా రెండు మూడు వచ్చాయి. ఆ పిల్లలు కాగితం అందిస్తూ నా మొహం చూడలేదు, నా చెయ్యి ఎటు కదులుతుందో చూశారు.