కార్బ్యురేటర్ తీసి ఇంజెక్షన్ పెట్టాక పాత పికప్ మొండికేస్తోందా?

1967-72 మధ్య వచ్చిన షెవర్లే సీ10 పికప్, అందులో 350 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్. అమెరికాలో పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్ల షెడ్లలో తరచూ కనిపించేది ఇదే. దాని కార్బ్యురేటర్ పీకి అదే మానిఫోల్డ్ మీద థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ కిట్ (కంప్యూటర్ లెక్కచూసి పెట్రోలు చిమ్మించే సరంజామా) బిగించడం పెద్ద పనేం కాదు, తలనొప్పంతా ఆ తర్వాతే. బండి సతాయించగానే చాలామంది కిట్‌తో వచ్చిన చిన్న స్క్రీన్ పట్టుకుని ట్యూనింగ్ కెలుకుతారు. ముందు అది పక్కన పెట్టండి. తప్పు ఎక్కువగా పెట్రోలు ప్రెషర్‌లోనో, కరెంటులోనో, ఎగ్జాస్ట్ లీకులోనో దొరుకుతుంది.

సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు, తాళం వదిలే క్షణంలో మాత్రం అందుకోబోతుంది

ఇది కనిపిస్తే వైరింగే చూడాలి. కంప్యూటర్‌కి తాళం నుంచి ఇచ్చే 12 వోల్టుల వైరుని రేడియో లైనుకో హీటర్ లైనుకో కలిపి ఉంటారు, సెల్ఫ్ కొట్టేటప్పుడు అవి ఆఫ్ అయిపోతాయి కాబట్టి సరిగ్గా కావాల్సిన సమయానికి కంప్యూటర్ పడుకుంటుంది. పాయింట్స్ (పాతకాలపు ఇగ్నిషన్ స్విచ్చులు) ఉన్న పాత బండిలో కాయిల్‌కి వెళ్లే వైరు కూడా వద్దు, అది రెసిస్టెన్స్ వైరు, ఇంజిన్ నడిచేటప్పుడు దాన్లో పూర్తి 12 వోల్టులు రావు. పక్కన ఒకరిని సెల్ఫ్ కొట్టమని చెప్పి మల్టీమీటర్ పెట్టి చూడండి, రన్‌లోనూ స్టార్ట్‌లోనూ కరెంటు ఉండే వైరు నుంచే తీసుకోండి. కిట్ మెయిన్ పవర్, ఎర్త్ రెండూ నేరుగా బ్యాటరీ టెర్మినళ్లకే. తుప్పు పట్టిన బాడీకి ఎర్త్ ఇచ్చి ఆ తర్వాత కంప్యూటర్‌ని తిట్టుకోవడం దండగ.

ఐడ్లింగ్‌లో బాగుంటుంది, తొక్కితే పికప్ ఉండదు

ఇంజిన్‌కి ఉన్న పాత మెకానికల్ పంపు ఇచ్చేది 5-7 పీఎస్ఐ. ఈ కిట్లలో ఎక్కువ వాటికి 58 పీఎస్ఐ దాకా కావాలి, అంటే కరెంటు పంపు ఉండాల్సిందే. గేజ్ పెట్టి చూడండి, ఐడ్లింగ్‌లో కాదు, రోడ్డు మీద లోడ్ పడినప్పుడు. అక్కడ పడిపోతుంటే ఫిల్టరో, పంపు వోల్టేజీయో, సన్న పైపో కారణం. పెట్రోలు పావు ట్యాంకు కన్నా తగ్గాక మలుపుల్లో మాత్రమే దగ్గుతోందంటే, లోపల అడ్డుగోడలు లేని పాత ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకి పోయి పంపు గాలి పీలుస్తోందన్నమాట, దానికి మందు ట్యాంకు లోపలే తొట్టితో సహా ఉండే పంపు. బయట బిగిస్తే ట్యాంకు కంటే కిందే ఉండాలి, ఈ పంపులు నెట్టడంలో గట్టివి, లాగడంలో కాదు.

ఇంకో మాట. ఈ ఏళ్ల సీ10లో ట్యాంకు ఉండేది క్యాబిన్‌లో, సీటు వెనకాల. అంత ప్రెషర్ ఉన్న జాయింట్లు మీ వీపు వెనక పెట్టుకోకండి. కార్బ్యురేటర్ కాలం నాటి రబ్బరు గొట్టాలు తీసేసి ఇంజెక్షన్‌కి పనికొచ్చేవే వాడండి. లైను విప్పేముందు ప్రెషర్ దింపి, బ్యాటరీ తీసేయండి.

నల్లపొగ, మసి పట్టిన ప్లగ్గులు, స్క్రీన్ మీద మాత్రం "లీన్" (పెట్రోలు తక్కువ)

చాలామందిని తికమక పెట్టేది ఇదే. ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సార్‌కి ముందు ఎక్కడో హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే పైపులు) ప్యాకింగ్ లీకవుతుంటే బయటి గాలి లోపలికి దూరుతుంది, సెన్సార్ దాన్ని చూసి పెట్రోలు చాలట్లేదనుకుంటుంది, కంప్యూటర్ ఇంకా ఇంకా పోస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, పొగగొట్టం చివర గుడ్డ అడ్డం పెట్టి, టిక్ టిక్ మనే శబ్దం ఎక్కణ్నుంచి వస్తోందో వినండి. లీకు మూసేశాకే, అంతదాకా కంప్యూటర్ తప్పుగా నేర్చుకున్నది చెరిపేసి మళ్లీ నేర్చుకోనివ్వండి.

స్క్రీన్ మీద ఆర్‌పీఎం ఉన్నట్టుండి 800 నుంచి 3000కి ఎగురుతుంటే ఇంజిన్ ఎగరట్లేదు, ప్లగ్గు వైర్ల గోల సిగ్నల్ వైరులోకి వస్తోంది, రెండిటినీ దూరంగా లాగండి, రెసిస్టర్ ప్లగ్గులు వేయండి. ఐడ్లింగ్ దిగకపోతే మూయడం మర్చిపోయిన వాక్యూమ్ గొట్టాలు, థ్రాటిల్ బాడీ అడుగు ప్యాకింగ్ చూడండి. వేడెక్కినా పెట్రోలు ఎక్కువే తాగుతోందంటే థర్మోస్టాట్ 160 డిగ్రీల ఫారన్‌హీట్‌దేమో చూడండి, దాంతో కొన్ని కంప్యూటర్లు ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుంటాయి. 180 లేదా 195 ఫారన్‌హీట్‌ది వేస్తే సరి.