68 తీసేస్తే టంగ్‌స్టన్ తేలికే

ఇంటర్ యూనిట్ టెస్టులో టంగ్‌స్టన్ ఎలక్ట్రాన్ విన్యాసం (ఏ ఆర్బిటాల్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయో) అడిగితే నేను 7ఎస్ దాకా వెళ్లిపోయాను. దాని పరమాణు సంఖ్య 74లోంచి, ముందున్న జడవాయువు జీనాన్‌వి 54 తీసేస్తే 20 మిగిలాయి. 6ఎస్‌లో 2, 5డిలో 10, 6పిలో 6 సర్దాను. ఇంకా 2 ఉన్నాయే! వాటిని 7ఎస్‌లో పడేశాను. ఆరో పీరియడ్ మూలకానికి ఏడో పీరియడ్‌కి ప్రమోషన్! సారు ఎర్ర పెన్నుతో ఒక్కటే రాశారు: "ఎఫ్ ఏది?"

4ఎఫ్‌లో పట్టే ఆ 14 ఎలక్ట్రాన్లే చాలామంది మర్చిపోతారు. 4ఎఫ్ నిండే మూలకాలను, అంటే లాంథనైడ్లను, పట్టిక కింద విడిగా వేస్తారు కదా, కంటికి ఆనవు. లుటేషియం (71) వచ్చేసరికే 4ఎఫ్ నిండిపోయి ఉంటుంది. అందుకే ఇప్పుడు మా అక్క కూతురికి నేను చెప్పే లెక్క వేరు. 54కి 14 కలిపితే 68. లుటేషియం నుంచి మెర్క్యురీ (80) వరకు పరమాణు సంఖ్యలోంచి 68 తీసేయండి. మిగిలినవాటిలో రెండు 6ఎస్‌కి, తక్కినవి 5డికి.

టంగ్‌స్టన్‌కి 74 − 68 = 6. కాబట్టి [జీనాన్] 4ఎఫ్¹⁴ 5డి⁴ 6ఎస్².

ఇక్కడే మా పిల్ల ఆగి, "మాలిబ్డినం 4డి⁵ 5ఎస్¹ కదా, ఇదీ 5డిని సగం నింపుకోవాలిగా?" అంది. మంచి ప్రశ్న. కానీ నింపుకోదు. బరువైన కేంద్రకం దగ్గర ఎస్ ఎలక్ట్రాన్ల వేగం బాగా పెరుగుతుంది. ఆ సాపేక్షతా ప్రభావంతో 6ఎస్ కుంచించుకుని శక్తి తగ్గుతుంది, దాన్ని వదలడం కష్టమవుతుంది. "సగం నిండితే స్థిరం" అని గుడ్డిగా బట్టీ పడితే దెబ్బ తగిలేది ఇలాంటి చోటే.

ఈ వరుసలో లెక్క తప్పేవి రెండే: ప్లాటినం 5డి⁹ 6ఎస్¹, గోల్డ్ 5డి¹⁰ 6ఎస్¹. పై వరుసలో నియోబియం, మాలిబ్డినం, రుథేనియం, రోడియం, పల్లాడియం, సిల్వర్ కలిపి ఆరు. పల్లాడియంకి 5ఎస్‌లో ఒక్కటీ లేదు. చూశారా, బరువైన వరుసే నయం!

రాశాక కూడి చూసుకోండి. ప్లాటినంకి 54 + 14 + 9 + 1 = 78, సరిపోయింది.

అయాన్ అడిగితే ముందు 6ఎస్ ఖాళీ చేసి, తర్వాతే 5డి జోలికి వెళ్లండి. క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌లో ఉండే ప్లాటినం 2+కి 6ఎస్‌లోది ఒకటి, 5డిలోది ఒకటి పోయి 5డి⁸ మిగులుతుంది. గోల్డ్ 3+ మీరే చేయండి, అదీ 5డి⁸ రావాలి.