అబిసీనియన్ గినీ పిగ్‌తో పరిచయం – 3వ పాఠం: సుడుల కింద చూడటం

పోయిన పాఠంలో గూడు, ఎండుగడ్డి, నీళ్ల సీసా సర్దేశాం. ఈసారి ప్రాణినే చేతిలోకి తీసుకుందాం.

గినీ పిగ్ అంటే ఎలుకల వర్గానికి చెందిన చిన్న పెంపుడు జీవి, అందులో సుడుల బొచ్చున్న రకమే అబిసీనియన్. దీన్ని చూస్తే నిద్రలేచి తల దువ్వుకోకుండా వచ్చేసినట్టు ఉంటుంది. కానీ ఆ చింపిరి బొచ్చుకీ ఒక లెక్కుంది. మన నడినెత్తిన సుడి ఉన్నట్టే దీని ఒంటినిండా సుడులుంటాయి. రెండు సుడుల బొచ్చు ఎదురెదురుగా వచ్చి తగిలినచోట గట్టులా నిక్కబొడుచుకుంటుంది. పోటీలకు పెట్టేవాళ్లు ఎనిమిది నుంచి పది సుడులు, అవీ ఇటూ అటూ సమానంగా ఉండాలంటారు. ఇంట్లో పెంచుకునేదానికి ఆరే ఉన్నా దిగులక్కర్లేదు. అన్నట్టు, ఈ జీవి పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇది పందీ కాదు, అబిసీనియాతో (ఇథియోపియా పాత పేరు) చుట్టరికమూ లేదు. ఆ పేరెలా అంటుకుందో గానీ!

అసలు సంగతికి వద్దాం. ఈ గరుకు బొచ్చు ఉబ్బుగా నిలబడి లోపల ఒళ్లు తగ్గినా కనపడనివ్వదు. నా మొదటి అబిసీనియన్ బొద్దుగానే ఉందనుకుంటూ వచ్చాను. ఓరోజు ఊరికే వంటింటి త్రాసు మీద పెడితే 90 గ్రాములు తగ్గి ఉంది. తీరా చూస్తే దవడ పన్ను పెరిగి నాలుకకు గుచ్చుకుంటోంది. వీటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. నొప్పి ఉన్నా పైకి కనపడనివ్వవు. అందుకే దీన్ని కంటితో కాదు, చేత్తో చూడటం నేర్చుకోవాలి.

నేల మీద కూర్చోండి. పైనుంచి చెయ్యి దించితే గద్ద వచ్చిందనుకుని పారిపోతుంది, చేతిని పక్కనుంచి రానివ్వండి. ఒక చెయ్యి ముందు కాళ్ల వెనక ఛాతీ కింద, రెండోది పిరుదుల కింద. వెనక భాగం గాల్లో వేలాడకూడదు. ఒళ్లో తువ్వాలు పరిచి కూర్చోబెట్టాక, రెండు నిమిషాలు ఏమీ చెయ్యకండి.

తర్వాత బొటనవేలితో పక్కటెముకల మీద మెల్లగా నిమరండి. కాస్త నొక్కితే ఎముక తెలియాలి. నొక్కకుండానే గుచ్చుకుంటుంటే చిక్కిపోయినట్టే.

ఇక సుడులు. ప్రతి సుడి నడిమధ్య బొచ్చు విడిపోయి చర్మం చుక్కలా కనపడుతుంది. మృదువైన బ్రష్‌తో ఆ చుక్క నుంచి బయటికే దువ్వుతూ ఒక్కొక్కటీ చూడండి. పొట్టు రాలుతున్నా, పుండున్నా, వీపు మీద బొచ్చు ఊడి అదేపనిగా గోక్కుంటున్నా గజ్జి పురుగులని అనుమానించాలి. అవి చర్మంలోకి తొలుచుకుపోతాయి కాబట్టి కంటికి కనపడవు. మందు పశువైద్యులే ఇవ్వాలి. చెవుల వెనక చిన్న బోడి మచ్చ మాత్రం అన్నిటికీ ఉంటుంది. అది తెలియక మొదట్లో నాకూ టెన్షన్ పట్టుకుంది.

ఈ వారం అభ్యాసం: రోజూ ఒకే వేళకు ఐదు నిమిషాలు ఒళ్లో పెట్టుకోండి. కాగితం మీద దాని వీపు బొమ్మ గీసి సుడులు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. వారం చివర గిన్నెలో కూర్చోబెట్టి తూచండి. ఎదిగినదైతే మామూలుగా 700 నుంచి 1200 గ్రాముల మధ్య ఉంటుంది. అసలు అంకె కన్నా వారం వారం తేడా ముఖ్యం. 50 గ్రాములకు మించి తగ్గితే ఆలస్యం చెయ్యకుండా వైద్యుడికి చూపించండి. మేత పూర్తిగా మానేస్తే మాత్రం త్రాసు కోసం చూడకండి, ఆ రోజే తీసుకెళ్లండి.

ఆ కాగితం పారెయ్యకండి, 4వ పాఠంలో విటమిన్ సి లెక్క దాని వెనకే రాసుకుందాం.