టైర్లకు గాలి కొట్టే చిన్న కంప్రెసర్ కొనేముందు

డబ్బా మీద పెద్దగా అచ్చేసిన 150 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అంకె చూసి మోసపోకండి. కారు టైరుకు కావాల్సింది సాధారణంగా 30–35, బరువులు లాగే ట్రైలర్ టైర్లకు 50–80. అసలు చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందన్నది. అదీ ఒత్తిడి లేనప్పటి లెక్క కాకుండా, మీ టైరు ఒత్తిడి దగ్గర ఎంతో చూడాలి. ఒత్తిడి పెరిగేకొద్దీ గాలి తగ్గిపోతుంది.

రెండోది, ఆపకుండా ఎంతసేపు నడుస్తుందన్నది. చిన్న మోటార్లు పది, పదిహేను నిమిషాలకే కాలిపోయేంత వేడెక్కుతాయి. నాలుగు పెద్ద టైర్లు నింపాలంటే వేడెక్కగానే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉన్నది తీసుకోండి.

కారులోని 12 వోల్టుల సాకెట్ ఫ్యూజు తరచూ 10–15 ఆంపియర్లే. 20 ఆంపియర్లు లాగే కంప్రెసర్ అందులో పెడితే ఫ్యూజు పోవడం ఖాయం. దానికి బ్యాటరీకి నేరుగా తగిలించే క్లిప్పులు ఉండాలి. కంప్రెసర్ నడిపేటప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉంచండి, అదీ ఆరుబయటే.

ట్రైలర్ వెనక చక్రం దాకా గొట్టం, తీగ అందుతాయో ముందే కొలుచుకోండి; చాలామంది మరిచేది ఇదే. వాల్వుకు మర తిప్పి బిగించే మూతి గట్టిగా పట్టుకుంటుంది గానీ, విప్పేటప్పుడు కాస్త గాలి పోతుంది. మీటతో బిగించేదాన్ని త్వరగా తీసేయొచ్చు.

యంత్రం మీది మీటరును పూర్తిగా నమ్మలేం. టైర్లు చల్లగా ఉన్నప్పుడు విడి గేజితో సరిచూడండి.