డిగ్రీలు, నిమిషాలు, రేడియన్లు: కోణాన్ని ఒక కొలత నుంచి మరో కొలతలోకి మార్చే పద్ధతి

విశాఖ నగరానికి మామూలుగా ఇచ్చే అక్షాంశం ఫోన్ మ్యాప్‌లో 17.6868 అని కనిపిస్తుంది. ఫిషింగ్ హార్బర్ బోట్లలోని జీపీఎస్‌లో అదే అక్షాంశం సాధారణంగా 17°41.208' రూపంలో ఉంటుంది. సర్వే పటం మీదయితే 17°41'12.5". మూడూ ఒక్కటే. చుక్క తర్వాతి అంకెలు మొదటిదాంట్లో డిగ్రీలో వంతులు, రెండోదాంట్లో నిమిషంలో వంతులు, మూడోదాంట్లో సెకనులో వంతులు. కాబట్టి ముందు మీ చేతిలో ఉన్నది ఏ రూపమో తేల్చుకోండి. తర్వాత దాన్ని దశాంశ డిగ్రీల్లోకి తెచ్చుకుని, అక్కణ్నుంచి కావలసిన కొలతలోకి వెళ్లండి. నిమిషాల నుంచి నేరుగా రేడియన్లకు (చాపం పొడవును వ్యాసార్ధంతో భాగించి కోణాన్ని చెప్పే కొలత) దూకే అడ్డదారులున్నాయి గానీ, తప్పులు దొర్లేది ఎక్కువగా అక్కడే.

డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు. 17.6868ని విడగొట్టాలంటే ముందు 17ని పక్కన పెట్టండి. మిగిలిన 0.6868ని 60తో గుణిస్తే 41.208. ఇక్కడ ఆగితే బోటు జీపీఎస్ రూపం వచ్చేసినట్టే. 41ని నిమిషాలుగా ఉంచి, 0.208ని మళ్లీ 60తో గుణిస్తే 12.48 సెకన్లు. వెనక్కి రావడానికి 12.48ని 60తో భాగించి 41 కలపండి. వచ్చిన 41.208ని 60తో భాగించి 17 కలపండి.

ఇందులో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. సెకన్లను దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తే 59.6 కాస్తా 60 అవుతుంది. అప్పుడు 12°59'60" అని వదిలేయకుండా 13°00'00" అని రాయాలి. రుణ కోణమైతే గుర్తు తీసి పక్కన పెట్టి, విడగొట్టడం పూర్తయ్యాక మొత్తానికి పెట్టండి. −5.25 అంటే −(5°15'). మైనస్ ఒక్క 5కే అనుకుని 15 నిమిషాలు కలిపితే −4.75 వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు 17°41'ని 17.41 అని టైపు చేయడం. అసలు విలువ 17.6833. తేడా 0.2733 డిగ్రీలు, అంటే 16.4 నిమిషాలు. విశాఖ దగ్గర అక్షాంశంలో ఒక నిమిషం సుమారు 1845 మీటర్లు కాబట్టి పాయింటు దాదాపు 30 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి బంగాళాఖాతంలో పడుతుంది. అంత దూరం జరిగితే ఎవరి కంటికైనా కనిపిస్తుంది. స్థలం హద్దు కోణాల్లో ఇదే తప్పు జరిగితే చప్పుడు లేకుండా దాగిపోతుంది. అది ఇంకా ప్రమాదం.

చాలా టోటల్ స్టేషన్లలో (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరాలు) కోణం ఎక్కించేటప్పుడు చుక్క తర్వాత మొదటి రెండు అంకెలు నిమిషాలు, తర్వాతి రెండు సెకన్లు. అక్కడ 142.3000 అంటే 142°30', దశాంశంలో 142.5. సున్నాలు మింగేయకండి: 83°13'6"ని 83.1306 అనే కొట్టాలి. 83.136 అని కొడితే 60 సెకన్లని అర్థం వస్తుంది. ఎవరో పంపిన జాబితా ఏ రూపంలో ఉందో తెలియకపోతే చుక్క తర్వాతి రెండంకెల జతలు చూడండి. ఎక్కడైనా 60 గానీ అంతకు మించి గానీ ఉంటే అది నిమిషాల రూపం కాదు, దశాంశమే. ఏ జతా 59 దాటకపోతే నిమిషాల రూపం అయ్యుండవచ్చు, కానీ పంపినవాళ్లను అడగకుండా నమ్మవద్దు.

రేడియన్లకు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: 180 డిగ్రీలు అంటే π (పై, సుమారు 3.1416) రేడియన్లు. డిగ్రీలను 0.0174533తో గుణిస్తే రేడియన్లు, రేడియన్లను 57.29578తో గుణిస్తే డిగ్రీలు. చాపం పొడవు కట్టేటప్పుడు ఈ మార్పు తప్పనిసరి. సింహాచలం ఘాట్ రోడ్డు లాంటి చోట 60 మీటర్ల వ్యాసార్ధంతో 35 డిగ్రీలు తిరిగే మలుపు ఉందనుకోండి. 35 డిగ్రీలు 0.61087 రేడియన్లు, 60తో గుణిస్తే 36.65 మీటర్లు. డిగ్రీలనే గుణిస్తే 2100 వస్తుంది. మలుపు రెండు కిలోమీటర్లుండదని అక్కడే ఆగి చూసుకోవాలి.

కాలిక్యులేటర్ తీయగానే సైన్ 30 కొట్టి చూడండి. 0.5 వస్తే డిగ్రీల్లో ఉంది. −0.988 వస్తే రేడియన్లలో ఉంది. 0.454 వస్తే గ్రేడ్లలో (వృత్తాన్ని 400 భాగాలు చేసే కొలత). ఈ మూడోదాన్నే కనిపెట్టుకుని ఉండాలి, ఎందుకంటే జవాబులు కాస్త అటూ ఇటూగా నమ్మేలాగే ఉంటాయి.

గ్రేడ్‌నే గాన్ అని కూడా అంటారు. పూర్తి వృత్తానికి 400 గాన్లు, కాబట్టి డిగ్రీలను 0.9తో భాగిస్తే చాలు. సైన్యం వాడే మిల్లులు వృత్తానికి 6400, అంటే డిగ్రీకి 17.778. పాత ఓడల దిక్సూచిలో 32 పాయింట్లు, ఒక్కోటి 11°15'.

బేరింగ్ (ఒక చోటు ఏ దిక్కున ఉందో చెప్పే కోణం) అయితే కొలత మార్చడానికి ముందు, ఉత్తరం నుంచి కుడివైపుగా 0 నుంచి 360 దాకా లెక్కించే రూపంలోకి మార్చాలి. ఆర్కే బీచ్ నుంచి ఒక బోటు 'దక్షిణం 37°30' తూర్పు'న కనిపిస్తే, 180 నుంచి తీసేసి 142°30' అని రాసుకోవాలి. దక్షిణ-పడమర అయితే 180కి కలపాలి, ఉత్తర-పడమర అయితే 360 నుంచి తీసేయాలి, ఉత్తర-తూర్పు ఉన్నదున్నట్టే. ఈ 142.5 డిగ్రీలు 2.4871 రేడియన్లు, 158.333 గాన్లు, 2533.3 మిల్లులు.

పెద్ద జాబితాకు ఎక్సెల్ మేలు. 17:41:12.48 అని టైములాగా టైపు చేసి, పక్క గడిలో దాన్ని 24తో గుణించి, ఫార్మాట్‌ని జనరల్‌కి మారిస్తే 17.6868 వస్తుంది. వెనక్కి రావాలంటే 24తో భాగించి, టైమ్ ఫార్మాట్లలో 37:30:55 నమూనా ఎంచుకోండి. మామూలు టైమ్ ఫార్మాట్ 24 దాటగానే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి 142.5ని 22:30 అని చూపిస్తుంది. రుణ విలువలకు ఈ పద్ధతి పనిచేయదు, గడి నిండా ####లే కనిపిస్తాయి. ఎక్సెల్ సైన్, కాస్ ఫంక్షన్లు రేడియన్లనే తీసుకుంటాయని మర్చిపోవద్దు.

దశాంశ డిగ్రీల్లో చుక్క తర్వాత నాలుగంకెలు ఉంచితే చివరి అంకెలో ఒకటి తేడా నేల మీద సుమారు 11 మీటర్లు, అయిదుంచితే మీటరుకు కాస్త ఎక్కువ, ఆరుంచితే 11 సెంటీమీటర్లు. వల వేసిన చోటు గుర్తుపెట్టుకోవడానికి నిమిషాల్లో మూడో దశాంశం, అంటే 1.8 మీటర్లు, సరిపోతుంది. హద్దురాయికి సరిపోదు.