ఎండాకాలంలో తొలి సోలో: ల్యాండింగ్ నేర్చుకునేవారికి జాగ్రత్తలు

వరంగల్, కరీంనగర్ పిల్లలు పైలట్ కోర్సుల్లో చేరడం ఇప్పుడు వింత కాదు. నిజాం హయాంలో కట్టిన మామునూరు విమానాశ్రయం 1981 తర్వాత మూతపడింది. 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినా, అక్కడ మళ్లీ విమానాలు దిగేదాకా మన పిల్లలు బేగంపేటకో మహారాష్ట్రలోని గోందియాకో వెళ్లి నేర్చుకోవలసిందే. ఎక్కడ నేర్చుకున్నా ఎండ మాత్రం మన ఎండే. మార్చి నుంచి జూన్ మధ్యలో తొలి సోలోకు, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడానికి, సిద్ధమవుతున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పినదానికీ నేను రాసినదానికీ తేడా కనబడితే ఆయన మాటే వినండి.

నేను చెప్పదలచినది ముఖ్యంగా ఒక్కటే. ల్యాండింగ్ కుదరకపోతే మళ్లీ పైకి లేచి ఒక చుట్టు తిరిగి రావాలన్న నిర్ణయం నేల మీద ఉండగానే తీసుకోండి. దీన్నే గో-అరౌండ్ అంటారు. మిగతా జాగ్రత్తలన్నీ ఆ నిర్ణయానికి అడ్డు తగలకుండా చూసుకోవడానికే.

ఇంటి దగ్గర

సోలో ఏ రోజన్నది ఇంట్లో ముందుగా చెప్పకండి. నిజానికి అది మీకూ తెలియదు. ఇన్‌స్ట్రక్టర్ మీతో రెండు మూడు చుట్లు తిరిగి, సంతృప్తి కలిగితే దిగిపోయి ‘ఇక మీరు వెళ్లండి’ అంటారు. ‘రేపే’ అని ఇంట్లో చెప్పారా, బాబాయి దండ పట్టుకుని వస్తాడు, అమ్మ రాహుకాలం లెక్క వేస్తుంది, చెల్లెలు వీడియో పంపమంటుంది. గాలి బాగా లేక ఆ రోజు రద్దయితే అందరికీ సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ మొహమాటంతోనే ‘నేను బాగానే ఉన్నాను సార్’ అనే పిల్లలున్నారు.

శనివారం ఉపవాసం ఉండేవారు ఆ పూట దేవుడికి సర్దిచెప్పుకోండి. ఖాళీ కడుపుతో, నీళ్లు తాగకుండా మే నెల కాక్‌పిట్‌లో కూర్చుంటే కళ్లు తిరగడానికి అరగంట చాలు. రెండు ఇడ్లీలు, కావలసినన్ని నీళ్లు, రాత్రి నిండుగా నిద్ర ఉండాలి. జలుబు మాత్రల్లో చాలావాటికి మగత వస్తుంది. అవి వేసుకుంటే ఆ రోజు విమానం ఎక్కకండి. మద్యం విషయంలో మన దేశపు నిబంధన 12 గంటలు. విద్యార్థి అయితే ఆ గంటలు లెక్కపెట్టే అవసరమే తెచ్చుకోకూడదు.

ఇంకొక బరువు కూడా ఉంటుంది. కొందరి ఫీజు పొలం అమ్మిన డబ్బు. ఒక్కో నిమిషం ఖరీదు గుర్తుకొచ్చి గో-అరౌండ్ దండగ అనిపిస్తుంది. ఒక చుట్టుకు ఆరేడు నిమిషాలు పడుతుంది. కమర్షియల్ లైసెన్సుకు ఎటూ 200 గంటలు ఎగరాలి, ఈ నిమిషాలూ ఆ లెక్కలోకే వస్తాయి. వంగిన ప్రొపెల్లర్‌కు అయ్యే ఖర్చు మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

ఎండ చేసే పని

వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున, అంటే దాదాపు 900 అడుగుల ఎత్తున ఉంది. ఉష్ణోగ్రత 43 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం ఇక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం సుమారు 4,500 అడుగుల ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. దీనినే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. ఇంజిన్ బలం తగ్గుతుంది, పైకి లేవడానికి రన్‌వే ఎక్కువ కావాలి, ఎక్కడం మందగిస్తుంది. గో-అరౌండ్‌లోనూ అంతే. అందుకే ఆ నిర్ణయం తొందరగా తీసుకోవాలి.

ల్యాండింగ్‌లో ఎండ ఇంకో మోసం చేస్తుంది. వేగం చూపే మీటరు 60 నాట్స్ (విమాన వేగానికి కొలత) చూపిస్తున్నప్పుడు ఆ పలచని గాలిలో అసలు వేగం 64 దాకా ఉంటుంది. నేల మామూలుకన్నా వేగంగా వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. ‘స్పీడు ఎక్కువైంది’ అనుకుని ముక్కు ఎత్తి వేగం తగ్గించేవారు స్టాల్‌కు, అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికి, దగ్గరవుతారు. మీటరునే నమ్మండి. సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానంలో ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) దించాక ఫైనల్‌లో (రన్‌వేకు తిన్నగా దిగివచ్చే చివరి దారిలో) 55 నుంచి 65 నాట్స్ అని హ్యాండ్‌బుక్ చెబుతుంది. జనవరిలోనైనా మే నెలలోనైనా మీటరు మీద ఆ అంకె మారదు.

యాసంగి కోతలయ్యాక బోడిగా మిగిలిన పొలాలు, గ్రానైట్ క్వారీలు, తారు రన్‌వే వేడెక్కి గాలిని పైకి తోస్తాయి. చెరువుల మీద, నీరున్న మళ్ల మీద గాలి కిందికి దిగుతుంది. చెరువు దాటి రన్‌వే మీదికి వచ్చే ఫైనల్‌లో విమానం ముందు కుంగి, తర్వాత ఎగదన్నుతుంది. కంగారుపడి థ్రాటిల్‌తో (ఇంజిన్ బలాన్ని పెంచే, తగ్గించే మీటతో) పెనుగులాడకండి. చిన్న చిన్న మార్పులు చాలు. దీనికి అసలైన మందు సమయం: తొలి సోలో పొద్దున్నే, ఎండ ముదరకముందే పెట్టుకోవాలి. అయితే పొద్దు పొడిచే వేళ తూర్పుకు దిగితే సూర్యుడు కళ్లలో పడతాడు. చలువ కళ్లద్దాలు తీసుకెళ్లండి కానీ పోలరైజ్డ్ రకం వద్దు, వాటితో కొన్ని స్క్రీన్లు నల్లగా కనిపిస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో మామిడి రైతును బెదరగొట్టే ఈదురుగాలి మిమ్మల్నీ బెదరగొట్టాలి. మబ్బు దూరంగానే ఉందనిపించినా, దాని నుంచి విరుచుకుపడే గాలి పది పదిహేను కిలోమీటర్ల ముందే వచ్చేస్తుంది. దుమ్ము తెర లేచిందంటే వెళ్లవద్దు.

ఎక్కేముందు

చెక్‌లిస్టు అంతా ఇక్కడ ఎందుకు, మీకు కంఠతా వచ్చే ఉంటుంది. రెండు మాత్రం గుర్తు చేస్తాను. పిటో గొట్టంలో కందిరీగలు మట్టి పెడతాయి. అది మూసుకుపోతే మీరు నమ్మవలసిన ఆ మీటరే తప్పు చూపుతుంది. టేకాఫ్ పరుగులో ముల్లు కదలకపోతే అక్కడే ఆగిపోండి. రెండోది సీటు. జరిపాక అది తాళం పడిందో లేదో ఒళ్లు విదిలించి చూడండి. ముక్కు పైకి లేచిన క్షణంలో సీటు వెనక్కి జారితే చేతిలోని యోక్ (ముక్కును ఎత్తి దించే స్టీరింగు) కూడా మీతో వెనక్కి వస్తుంది.

పక్క సీటు ఖాళీ

సెస్నా 152 గరిష్ఠ బరువు 757 కిలోలు. ఇన్‌స్ట్రక్టర్ దిగిపోతే అందులో దాదాపు పదో వంతు తగ్గుతుంది. విమానం తొందరగా లేస్తుంది, సర్క్యూట్ (రన్‌వే చుట్టూ తిరిగే దారి) ఎత్తు 1,000 అడుగులు అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తుంది. డౌన్‌విండ్‌లో (రన్‌వే పక్కగా ఎదురు దిశలో వెళ్లే దారిలో) పనులు వెనకబడతాయి. ఫైనల్‌లో ఎత్తుగా ఉంటారు, రన్‌వే మీద విమానం దిగకుండా తేలుతూ పోతుంది. ఇవన్నీ జరుగుతాయని ముందే తెలిస్తే భయం ఉండదు.

బేస్ (ఫైనల్‌కు ముందు అడ్డంగా వచ్చే దారి) నుంచి ఫైనల్‌కు తిరిగేటప్పుడు రన్‌వే గీత దాటిపోతే రడర్ (తోక మీది చుక్కాని) తొక్కి, ఒరుగు పెంచి సరిదిద్దాలనిపిస్తుంది. వద్దు. ఎత్తు కోల్పోకుండా 60 డిగ్రీలు ఒరిగితే స్టాల్ వేగం 41 శాతం పెరుగుతుంది. అంత కిందన స్టాలయితే కోలుకునే ఎత్తు ఉండదు. దాటిపోయిందా, పోనివ్వండి, గో-అరౌండ్ చేయండి.

టేకాఫ్ అయిన వెంటనే ఇంజిన్ ఆగితే వెనక్కి తిరగకండి. ఎదురుగా, కొంచెం అటూ ఇటూగా ఉన్న ఖాళీలోనే దించాలి. మన పక్క పొలాల్లో గట్లు, తాడిచెట్లు, మోటార్ల కరెంటు తీగలు ఉంటాయి. ఏ దిక్కున ఏముందో ముందురోజే విమానాశ్రయం గోడ దగ్గర నిలబడి చూసుకోండి.

చివరి ఇరవై అడుగులు

చూపు ముందు చక్రం దగ్గర పెట్టినవారికి ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు మెల్లగా ఎత్తడం) ఎప్పటికీ రాదు. రన్‌వే చివరకు చూడండి. నేల దగ్గరవుతున్న సంగతి కంటి అంచులకు తెలుస్తుంది. థ్రాటిల్ మెల్లగా తగ్గిస్తూ, ముక్కు కొద్దికొద్దిగా ఎత్తుతూ, విమానాన్ని దిగనివ్వకుండా పట్టుకోండి. అది అలిసిపోయి వెనక చక్రాల మీద తనే కూర్చుంటుంది.

యోక్ ఎక్కువ లాగితే విమానం మళ్లీ పైకి లేస్తుంది. గట్టిగా తగిలితే ఎగిరి పడుతుంది. రెండు సందర్భాల్లోనూ యోక్ ముందుకు తోయడమే పెద్ద ప్రమాదం. ముందు చక్రం నేలకు కొట్టుకుని, రెండో గెంతు, మూడో గెంతు, ఆపైన ప్రొపెల్లర్ నేలను తాకడం. మొదటి గెంతుకే థ్రాటిల్ పూర్తిగా ముందుకు తోయండి. కార్బురేటర్ హీట్ (ఇంజిన్ కార్బురేటర్‌కు వేడి గాలి పంపే మీట) ఆపండి, ముక్కు బాగా పైకి లేస్తుంది కాబట్టి చేత్తో అదిమి పట్టుకోండి, కుడి రడర్ వేయండి. ఫ్లాప్స్ 30 నుంచి 20కి తెచ్చి, వేగం పుంజుకున్నాక మిగతావి విడతలవారీగా ఎత్తండి. ఒక్కసారిగా ఎత్తితే విమానం కుంగుతుంది. టవర్‌తో మాట ఇదంతా అయ్యాకే.

చక్రాలు ఆనాక కూడా ఎగురుతున్నట్టే ఉండండి. రన్‌వే వదిలి, పూర్తిగా ఆగాకే ఫ్లాప్స్ లీవరు ముట్టుకోండి. తర్వాత స్నేహితులు బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తారు. ఫోను, లాగ్‌బుక్కు ముందే ఎవరికైనా ఇచ్చి ఉంచండి.

రెండో సోలో, మూడో సోలో గురించి ఎవరూ అంతగా హెచ్చరించరు. అప్పటికి భయం తగ్గి ఉంటుంది, ఇన్‌స్ట్రక్టర్ పరీక్షా కాస్త సడలుతుంది. తొలిరోజు లేని పక్కగాలి ఆ రోజు ఉండవచ్చు. 152 హ్యాండ్‌బుక్‌లో పక్కగాలికి 12 నాట్స్ అని ఉంటుంది. అది చెయ్యి తిరిగిన పైలట్ నిలబెట్టి చూపించిన అంకె. మీ అంకె ఎంతో ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. విండ్‌సాక్ (గాలి తీరు చూపే గుడ్డ గొట్టం) అంతకు మించి చూపితే ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకునే వెళ్లండి.